ముందు బకెట్టు, ఆ తర్వాతే బండి



నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు. ఆ దారిలో వెళుతుంటే ఎడమచేతి వైపు నల్లమల కొండలు మనతోపాటే వస్తుంటాయి. కుడివైపు చేలకు అవతల కుందూ పారుతుంటుంది. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి. ఎడమకు తిరిగి రుద్రవరం, అహోబిలం దారి పడితే కొండ పాదం దగ్గరయ్యేకొద్దీ ఎర్రనేల, గరుసు, గుండ్రాళ్లు. కుడికి తిరిగి కుందూ దాటి అవుకు, బనగానపల్లె వైపు పోతే కొన్నిచోట్ల నాలుగు పారల మట్టి తీయగానే బండ తగులుతుంది. ఒక్కపూట మోటారు సైకిలు మీద తిరిగితే మూడు రకాల నేల చూడవచ్చు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మన ప్రాంతంలో చిన్న చిన్న కాంట్రాక్టు పనులు చేసుకునే కుర్రవాళ్లు ఈమధ్య మినీ పొక్లెయిన్ కొనాలని చూస్తున్నారు. మంచినీటి పైపుల కాలువలు, ఇళ్ల పునాదులు, సెప్టిక్ ట్యాంకు గుంతలు, పంట కాలువల్లో పూడికతీత, తోటలకు కంచె గుంతలు, ఇలాంటి పనులకు చిన్న బండి బాగా పనికొస్తుంది. వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, ఏ కంపెనీ బండి తీసుకోమంటావు?" నేను ఎదురు అడిగే ప్రశ్నలు మూడు. ఏ నేలలో తవ్వుతావు? ఏ సందులో దూరాలి? నెలలో ఎన్ని గంటల పని నీ చేతిలో ఉంది? ఈ మూడింటికీ జవాబు దొరికాక కంపెనీ పేరు దానంతటదే తేలుతుంది.

ఇది కొత్త తెలివేమీ కాదు. మన పక్కనే పారే కేసీ కాలువను చూడండి. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ కర్నూలు నుంచి కడప దాకా ఆ కాలువ తవ్వించింది. నీళ్లు పారడమే కాదు, పడవలు కూడా నడవాలని దాని ఉద్దేశం. పొడవు 300 కిలోమీటర్ల పైమాటే. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. అంత కాలువకూ ఆనాడు ఉన్న యంత్రాలు మనుషుల చేతులు, గునపం, పార, తట్ట. మట్టిపని తెలిసిన పెద్దలు పని ఒప్పుకునే ముందు గునపం దింపి నేలను చూసేవారు. మెత్తన నేలకు ఒక ధర, గరుసుకు ఒక ధర, రాతికి ఒక ధర చెప్పేవారు. లక్షలు పోసి బండి కొనే మనం ఆ గునపం పరీక్ష మరచిపోతున్నాం.

బండ్ల పేర్ల గురించి ఒక్క ముక్క. మనం పొక్లెయిన్ అని పిలిచేది నిజానికి ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. 1951లో ఆ కంపెనీ తన మొదటి హైడ్రాలిక్ తవ్వుడు యంత్రాన్ని తెచ్చింది. పదేళ్ల తర్వాత, 1961లో, కూర్చున్నచోటే చుట్టూ తిరిగే యంత్రం తెచ్చింది. జేసీబీ అన్నది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లీషాయన పేరులోని అక్షరాలు. ఆ కంపెనీ 1979లో మన దేశంలో తయారీ మొదలుపెట్టింది. ముందు తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్న టైర్ల బండి ఏదైనా మనకు జేసీబీయే, చైను మీద నడిచేది ఏదైనా పొక్లెయినే. 1970 ప్రాంతాల్లో జపాన్ కంపెనీలు ఇరుకు ఊళ్ల కోసం ఈ పొక్లెయిన్‌ను చిన్నది చేశాయి. ఆరు టన్నులు, అంతకు లోపు బరువున్న వాటిని ఇవాళ కాంపాక్ట్ ఎక్స్‌కవేటర్లు అంటున్నారు. మనవాళ్ల భాషలో మినీ.

ఇక ఆ మూడు ప్రశ్నల్లో ముందు సందు సంగతి. నంద్యాల పాత ఊరిలో గానీ, ఆళ్లగడ్డ లోపలి వీధుల్లో గానీ పైపు పని ఒప్పుకుంటే ముందు టేపు తీసుకుని వెళ్లండి. టైర్ల జేసీబీ వెడల్పు ఏడు అడుగులు దాటుతుంది. అది వీధిలోకి వెళితే ఇక సైకిలు కూడా పక్కనుంచి పోలేదు. మూడు టన్నుల మినీ వెడల్పు సుమారు ఐదు అడుగులు. టన్నున్నర బండి వెడల్పు మూడున్నర అడుగుల లోపే, పెరటి గేటులోంచి కూడా దూరుతుంది. లోతు విషయానికొస్తే టన్నున్నర బండి సుమారు ఏడు అడుగులు, మూడు టన్నుల బండి తొమ్మిది పది అడుగులు, ఏడు టన్నుల బండి పదమూడు అడుగుల దాకా తవ్వుతుంది. ఊరి పనుల్లో చాలా వాటికి మూడు టన్నుల బండి సరిపోతుంది.

సందులో ఇంకో రెండు సంగతులు చూడాలి. బండి తిరిగినప్పుడు దాని వెనక భాగం చైను కన్నా ఎంత బయటికి వస్తుంది అన్నది మొదటిది. కొన్ని బండ్ల వెనక భాగం చైను వెడల్పు దాటదు. గోడ పక్కన నిలబెట్టి తిప్పినా గోడకు తగలదు. ఇరుకు వీధికి అదే మేలు. కాకపోతే అదే బరువున్న మామూలు బండితో పోలిస్తే పక్కకు చెయ్యి చాచినప్పుడు నిలకడ కొంత తక్కువ. రెండోది, తవ్వే చెయ్యి మొదలు దగ్గరే కుడి ఎడమలకు జరిగే ఏర్పాటు. అది ఉంటే బండిని వీధి మధ్యలో ఉంచి, గోడ వారనే తిన్నగా కాలువ తవ్వవచ్చు. కొనేటప్పుడు ఈ రెండూ అడిగి, కళ్లతో చూసి, ఆడించి మరీ తెలుసుకోండి.

తర్వాతి ప్రశ్న, నేల. నా మాటల్లో ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాను. మన నేల కింద ఏముందో 150 ఏళ్ల కిందటే రాసిపెట్టారు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతమంతా తిరిగి, 1872లో ఇక్కడి రాతిపొరల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆ పొరలకు ఊళ్ల పేర్లే వాడుకలో ఉన్నాయి. బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. ప్రపంచంలో ఎక్కడి భూగర్భ విద్యార్థి అయినా ఈ పేర్లు ఇలాగే చదువుతాడు. కాంట్రాక్టరుకు ఇవి ఉత్త పేర్లు కావు, బిల్లులో అంకెలు. షేల్ అంటే పలకలు పలకలుగా ఊడే మెత్తరాయి. దానికి నేలను చీల్చే ఒంటిపన్ను రిప్పర్ చాలు. సున్నపురాయి, అంటే మన నాపరాయి, పొరలు పొరలుగా ఉంటుంది. పొర సందు దొరికితే రిప్పర్‌తో లేపవచ్చు, దొరక్కపోతే రాయిని దెబ్బలతో పగలగొట్టే బ్రేకర్ కావాలి. క్వార్ట్‌జైట్ అన్నిటికన్నా మొండిది. బకెట్టు పళ్లను, బ్రేకర్ ఉలిని అరగదీస్తుంది. అక్కడ మూడు టన్నుల బండితో పని ఒప్పుకోవడం బండిని చేజేతులా చంపుకోవడమే. ఆ పనికి పెద్ద బండిని అద్దెకు పిలవండి.

నల్లరేగడి లెక్క వేరు. ఎండాకాలంలో నెర్రెలిస్తుంది, వాన పడితే ఉబ్బుతుంది. ఆ తడిలో టైర్ల బండి దిగబడితే లాగడానికి ఇంకో బండి కావాలి. మూడు టన్నుల చైన్ల బండి నేల మీద మోపే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కిలోలో మూడో వంతు లోపే ఉంటుంది. మనిషి ఒంటికాలి మీద నిలబడినంత. అందుకే అది తడిచేలో కూడా నడుస్తుంది. అయినా నాలుగు చినుకులు పడ్డాక రేగడి చైన్లలో ఇరుక్కుని గట్టిపడుతుంది. సాయంత్రం పని ఆపగానే పారతో చైను శుభ్రం చేయించండి. ఆ మట్టి రాత్రంతా ఎండి బిగిస్తే మర్నాడు చైనుకూ, రోలర్లకూ దెబ్బ.

రబ్బరు చైనా, ఇనుప చైనా అన్నదానికి జవాబు కూడా నేలే చెబుతుంది. సిమెంటు వీధుల్లో, బండలు పరిచిన వాకిళ్లలో ఇనుప చైను రోడ్డును పాడుచేస్తుంది, ఊరివాళ్లతో తగాదా తెస్తుంది. అక్కడ రబ్బరు. అవుకు వైపు పదునైన నాపరాయి ముక్కల మీద రబ్బరు చైను చీరుకుపోతుంది. అక్కడ ఇనుము. రెండు చోట్లా పని ఉంటే ఇనుప చైనుకు రబ్బరు పలకలు బిగించే వీలుందేమో అడగండి.

ఇప్పుడు అసలు మాట, బకెట్టు. బండి కొంటే దానితోపాటు ఒక బకెట్టు ఇస్తారు. చాలామంది దానితోనే అన్ని పనులూ చేస్తారు. ఒక లెక్క చెబుతాను, కాగితం మీద రాసుకోండి. వంద మీటర్ల పైపు కాలువ, 90 సెంటీమీటర్ల లోతు. రెండడుగుల బకెట్టుతో, అంటే 60 సెంటీమీటర్ల వెడల్పుతో తవ్వితే 54 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. అడుగు బకెట్టుతో 30 సెంటీమీటర్ల వెడల్పు తవ్వితే 27 ఘనపు మీటర్లు. పైపు ఒకటే, బిల్లు ఒకటే. తేడా 27 ఘనపు మీటర్లు. ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లెక్కన తొమ్మిది ట్రాలీల మట్టిని ఊరికే తవ్వి, ఊరికే పూడ్చి, నీళ్లు పోసి దిమ్మిస ఆడించాం. వీధి సిమెంటుదైతే రెట్టింపు వెడల్పు రోడ్డు కోసి, రెట్టింపు కాంక్రీటు మళ్లీ పోశాం. ఆ డీజిలు, ఆ సిమెంటు, ఆ కూలి అంతా మన జేబులోదే. అందుకే బండి కన్నా ముందు బకెట్టు ఆలోచించమంటున్నాను.

మరి అడుగు బకెట్టు ఒక్కటే చాలా? చాలదు. తడి రేగడిలో అడుగు బకెట్టులో మట్టి జిగటగా అతుక్కుని, తిప్పినా రాలదు. ఆపరేటరు దులపడానికే సగం పొద్దు పోతుంది. వానాకాలానికి ఒకటిన్నర అడుగుల బకెట్టు ఒకటి ఉండాలి. పంట కాలువల పూడికకు, మురుగుకాలువల శుభ్రానికి, గట్టు నునుపు చేయడానికి పళ్లు లేని వెడల్పాటి బకెట్టు కావాలి. నంద్యాల మధ్యనుంచి మద్దిలేరు, చామకాలువ పోతాయి. వానలప్పుడు ఈ వంకలు పొంగితే ఏమవుతుందో ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు. వాటి పూడికపనిలో పళ్ల బకెట్టు కాలువ అడుగును గీరి గుంతలు చేస్తుంది, ఆ గుంతల్లోనే మళ్లీ బురద నిలుస్తుంది. చదును బకెట్టు అయితే వాలు సరిగ్గా వస్తుంది. మూడు బకెట్లు ఉన్నవాడు మూడు రకాల పని ధైర్యంగా ఒప్పుకోగలడు.

బ్రేకర్ దగ్గర నేను దెబ్బతిన్నాను, ఆ సంగతి దాచను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో రాయి త్వరగా పగలాలన్న ఆశతో బండికి మించిన బరువు బ్రేకర్ తెచ్చి బిగించాను. ఏప్రిల్ నెల. పొద్దున పదకొండు గంటలకే హైడ్రాలిక్ ఆయిలు కాగిపోయి బండి నీరసించేది. పదిహేను రోజులకు పిన్నులు, బుష్‌లు వదులయ్యాయి. తప్పు బండిది కాదు, నాది. బ్రేకర్ కొనేముందు మూడు అంకెలు చూడాలని అప్పుడు తెలిసింది. బండి నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిలు పంపుతుంది, ఎంత ఒత్తిడితో పంపుతుంది, బండి బరువు ఎంత. బ్రేకర్ తయారీదారు కాగితం మీద కూడా ఈ మూడే ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మూడు టన్నుల బండికి సాధారణంగా 150 నుంచి 200 కిలోల బ్రేకర్ సరిపోతుంది. బ్రేకర్ నుంచి తిరిగివచ్చే ఆయిలు నేరుగా ట్యాంకుకు చేరే లైను ఉండాలి.

ఆపరేటరుకు నాలుగు మాటలు నేర్పండి. ఉలిని రాయికి నిలువుగా ఆనించి, బండి బరువు మోపాకే దెబ్బ వేయాలి. గాలిలో ఖాళీ దెబ్బ వేయకూడదు. ఒకేచోట పదిహేను ఇరవై సెకన్లకు మించి కొట్టకూడదు, పగలకపోతే చోటు మార్చాలి. ఉలితో రాయిని పెకలించకూడదు. రెండు గంటలకోసారి ఉలికి గ్రీజు పెట్టాలి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు, చెయ్యకపోతేనే ఖర్చు.

నేలలో గుంతలు వేసే ఆగర్ గురించి తోటల రైతులు అడుగుతుంటారు. కంచె కూసాలకు, మొక్కల గుంతలకు పొడి రేగడిలో, ఎర్రనేలలో అది చక్కగా దిగుతుంది. గుండ్రాళ్లున్న కొండపాదం నేలలో తిరగడం మానేసి బండినే ఊపుతుంది. ఆగర్ రెండు వైపులా తిరగాలి కాబట్టి బండిలో రెండు దిక్కులా ఆయిలు పోయే లైను ఉండాలి. బ్రేకర్‌కు ఒక దిక్కు చాలు. కొనేనాడు ఒక దిక్కు లైనుతో బండి తీసుకుని, తర్వాత ఆగర్ కావాలనుకుంటే మళ్లీ పైపులు, వాల్వులు బిగించాలి. అందుకే రేపటి పని కూడా ఇవాళే తలచుకోవాలి. నెలకు రెండు మూడు రోజులు మాత్రమే కావలసిన పరికరాన్ని కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. రోజూ మార్చి మార్చి వాడే పరికరాలుంటే వాటిని త్వరగా తగిలించే క్విక్ కప్లర్ మంచిదే. కానీ తగిలించిన ప్రతిసారీ సేఫ్టీ పిన్ను పడిందో లేదో ఆపరేటరు దిగి చూడాలి. జారిపడ్డ బకెట్టు కింద మనిషి ఉంటే బతకడు.

ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. దేశవిదేశాల గుళ్లకు ఇక్కడి నుంచి విగ్రహాలు పోతాయి. శిల్పశాలలో రాయి జరపడానికి మినీ పిలుస్తామని కొందరు అంటారు. ఒక్క లెక్క చూడండి. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న గ్రానైటు దిమ్మె బరువు రెండు టన్నులు. మూడు టన్నుల మినీ చెయ్యి చాచి ఎత్తగలిగింది కొన్ని వందల కిలోలే. ఎంత దూరం చాస్తే ఎంత ఎత్తగలదో పట్టిక బండి లోపల అతికించి ఉంటుంది. ఆ పట్టిక చదవకుండా రాయికి గొలుసు కట్టకండి. ఆ పని క్రేనుది.

మూడో ప్రశ్న, గంటలు. లెక్క కోసం అనుకుందాం, 25 లక్షల అప్పు, నాలుగేళ్లు, పది శాతం వడ్డీ. నెల వాయిదా సుమారు 63,400 రూపాయలు. ఆపరేటరు జీతం, బత్తా, సర్వీసు, అరుగుదల కలిపి ఇంకో 40,000 అనుకోండి. నెలకు లక్షా మూడు వేల పైన, బండి కదలకపోయినా సరే. నెలకు 150 గంటలు నడిస్తే గంటకు 690 రూపాయలు పడుతుంది. 100 గంటలే నడిస్తే 1,034 పడుతుంది. దీనికి డీజిలు అదనం. మీ ఊరి అద్దె ధర పక్కన ఈ అంకె పెట్టుకోండి. వంద గంటల పని చేతిలో లేనివాడు కొత్త బండి కొనడం అప్పు కొనడమే. ఇంకో ఖర్చు మరచిపోవద్దు. చైన్ల బండి తారురోడ్డు మీద నడిచి పోదు, ప్రతి పనికీ లారీ ఎక్కించాలి. నంద్యాలలో సగం పూట, ఆళ్లగడ్డలో సగం పూట పని పెట్టుకుంటే లాభం లారీ కిరాయికే పోతుంది.

ఇప్పుడు కంపెనీ సంగతి. జేసీబీ, టాటా హిటాచీ, కుబోటా, కోబెల్కో వంటి పేర్లు మీరు విన్నవే. కోబెల్కో ఫ్యాక్టరీ మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో ఉంది. ఏ పేరైనా సరే, డీలరును అడగవలసింది ఒకటే. మేలో నా బండి రుద్రవరం చేలో ఆగితే మెకానిక్ ఎన్ని గంటల్లో వస్తాడు, హోసు పైపు, ఫిల్టరు ఎక్కడ దొరుకుతాయి? కాగితం మీద రాసిచ్చినవాడిని నమ్మండి. పాత బండి కొనేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయించండి. బకెట్టును నేల నుంచి ఎత్తి ఆపి, పది నిమిషాలు చూడండి. దానంతటదే దిగజారుతుంటే హైడ్రాలిక్‌లో లోపం ఉన్నట్టే. బకెట్టు చివర పట్టి ఊపి పిన్నుల వదులు చూడండి. బండి పైభాగం కూర్చున్న బేరింగులో ఆట ఉంటే ఆ బేరం వదిలేయండి.

చివరిగా, అన్నిటికన్నా పెద్ద మాట. పొడి రేగడి గోడ నిట్టనిలువుగా నిలబడి మనల్ని మోసం చేస్తుంది. దాని లోపల నెర్రెలుంటాయి. ఆ నెర్రె వెంట గోడ ఒక్కసారిగా జారుతుంది. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైనే. తవ్వకాల భద్రత మీద మన దేశ ప్రమాణం ఐఎస్ 3764. ఒకటిన్నర మీటర్ల లోతు దాటిన కాలువకు పక్కల ఆపులు పెట్టాలని అది చెబుతుంది. తవ్విన మట్టిని కాలువ అంచున పోయకూడదు, కనీసం ఒకటిన్నర మీటర్లు దూరంగా పోయాలి. కింద కేబుళ్లు, పైపులు ఉన్నాయేమో ముందే తెలుసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్ తెచ్చింది. తవ్వేముందు అందులో నమోదు చేయండి. పైన కరెంటు తీగలు చూసుకోండి. తిరిగే బండి దగ్గరకు పిల్లల్ని రానివ్వకండి.

కొనాలనుకుంటున్న తమ్ముళ్లకు నా విన్నపం ఇది. మీరు కొనదలచిన తరగతి బండినే ముందు ఒక నెల అద్దెకు తీసుకోండి. మీ నేలలో, మీ సందులో నడిపించండి. ఎన్ని గంటలు నడిచింది, ఎంత డీజిలు తాగింది, ఏ బకెట్టు ఎక్కువ వాడారు, అన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. నెల తర్వాత ఆ నోటుబుక్కు పట్టుకుని షోరూముకు వెళ్లండి. బండి మీ పనికి పనిముట్టు కావాలి గానీ మీ పని బండి వాయిదాకు పనిముట్టు కాకూడదు. మీ కాలువలోకి దిగిన ప్రతి మనిషీ సాయంత్రం పైకెక్కి ఇంటికి చేరేలా చూసుకోండి.